ఎడమ వైపు చప్పుడు

నాకు అక్షరాలు వచ్చేనాటికి నలభై ఏళ్ళు దాటాయి. ఆ ఆలస్యం వల్ల నాకు పోయిందేమీ లేదు. పోయింది దుర్గి అనే ఊరి మనిషి ఒకాయనకి. ఆ సంగతే రాస్తున్నాను. స్కానింగ్ గదుల్లో పనిచేసే పిల్లలు చదివితే చాలు. మిగతావాళ్ళు చదవకపోయినా నాకు పట్టింపు లేదు.

నరసరావుపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేశాను. ఉద్యోగం పేరు వార్డు బాయ్. జుట్టు తెల్లబడి బయటికొచ్చేదాకా బాయ్‌నే. అసలు పని క్షౌరం. ఆపరేషన్‌కు ముందు ఎవరికి ఎక్కడ వెంట్రుకలు తీయాలన్నా నన్నే పిలిచేవాళ్ళు. మా నాన్న నకరికల్లులో ఇంటింటికీ తిరిగి ఇదే పని చేశాడు. ఆయన కత్తుల పొది నాకొచ్చింది. కత్తి పట్టడంతో పాటు మెడ పట్టడం కూడా ఆయనే నేర్పాడు. గడ్డం గీశాక నెత్తి మీద నాలుగు చరుపులు, భుజాలు పిసకటం, ఆఖరున గడ్డం కింద ఒక చెయ్యి, తల వెనక ఒక చెయ్యి వేసి మెడను ఇటొకసారి, అటొకసారి టక్కుమనిపించటం. అది చేయకపోతే మా వైపు మనిషి పీట మీదనుంచి లేవడు. గడ్డం సగమే చేశావంటాడు. ఆసుపత్రిలో కూడా రోగులు అట్లాగే అడిగేవాళ్ళు, నేను చేసేవాణ్ణి. నా చేతికి పేరుండేది. మాచర్ల నుంచి వచ్చిన లారీ డ్రైవరు ఒకతను డిశ్చార్జి అయ్యాక కూడా మెడ పట్టించుకోవడానికే ఒక పూట ఆగాడు.

చదువు రాదని మాత్రం ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండా నెట్టుకురావడానికి నాకు నా లెక్కలుండేవి. మంచం తలవైపు ఒక అట్ట కార్డు తగిలించేవాళ్ళు. నీలం సిరాతో రాసి ఉంటే మందుల సంగతి, అది నర్సుల పని. ఎర్ర సిరాతో రాసి ఉంటే ఆ మనిషి నోట్లో నీళ్ళు కూడా పడకూడదు, ఆపరేషన్ ఉంది. ఏడెనిమిదేళ్ళలో ఈ లెక్క ఒక్కసారి కూడా తప్పలేదు. తప్పకపోబట్టే నా కొంప ముంచింది. పొద్దున పేపరు కూడా తెరిచి కూర్చునేవాణ్ణి. జనరేటరూ మెషీన్లూ చూసే మెకానిక్ సాయిబు ఒక్కడికే అనుమానం ఉండేది. "ఏంది భాయ్, సినిమా బొమ్మల పేజీ కాడికొస్తే నీ చదువు ముందుకు కదలదే" అనేవాడు. నేను నవ్వి పేజీ తిప్పేవాణ్ణి.

మా డాక్టరు గారు మద్రాసులో పెద్ద చదువు చదివొచ్చిన మనిషి. ఎనభైల ఆఖర్లో అక్కడి నుంచే ఒక పెట్టె తెచ్చాడు. ఇప్పుడు మీరు తెర మీద నెత్తురు ఎరుపూ నీలమూ రంగుల్లో పారటం చూస్తున్నారు. నాళం గోడ ఎంత మందం, లోపల కొవ్వు ఎంత పేరుకుంది, అన్నీ కొలుస్తున్నారు. మాకు తెర లేదు. ట్రాన్సిస్టర్ అంత పెట్టె, దానికొక తీగ, తీగ చివర లావుపాటి పెన్ను లాంటిది. మెడకు జెల్లీ రాసి ఆ పెన్ను ఆనిస్తే, మన చెవికి అందని చప్పుడు ఒకటి లోపలికి పోయి, పారే నెత్తురుకు తగిలి వెనక్కి వచ్చి, పెట్టెలో వినపడేది. అంతా చెవి మీదే. నాళం బాగుంటే పత్తిచేలో మందు కొట్టే పంపు లాగా సూయ్, సూయ్ మని ఊపుగా కొట్టుకునేది. ఇరుకైతే చప్పుడు సన్నబడి ఈల పడేది, సైకిలు ట్యూబు వాల్వు దగ్గర గాలి పోతున్నట్టు.

పెట్టె వచ్చిన వారంలో ఆసుపత్రిలో అందరి మెడలూ విన్నాం. నా మెడకు పెట్టినప్పుడు గది దద్దరిల్లింది. "నీకు ఇప్పట్లో చావు లేదు భాయ్, మోటారు కొత్తది" అన్నాడు సాయిబు. పెద్ద సిస్టరు కూడా నవ్వింది. ఆమె నవ్వటం అరుదు. ఆసుపత్రి మొత్తం ఆమె చేతి మీద నడిచేది. మాట గట్టి, చెయ్యి మెత్తన.

దుర్గి ఆయన వచ్చింది ఆ ఎండాకాలమే. రాతిపని చేసే మనిషి, దేవుడి బొమ్మలు చెక్కుతాడు. నలభై ఎనిమిది, యాభై ఉంటాయి. కనుబొమల్లో కూడా రాతిపొడి. బీడీ మానడు. వెంట భార్య వచ్చింది. చెప్పింది ఆమే.

"నందిని చెక్కతన్నాడయ్యా. ఒక కన్నయింది. రెండో కంటి కాడ ఉలి జారి కింద పడింది. తియ్యబోతే చెయ్యి రాలా. మూతి పక్కకి పోయింది. ఒక బీడీ తాగినంతసేపు అట్టనే ఉన్నాడు. మళ్ళీ ఆయనంతట ఆయనే బాగయ్యాడు."

"బాగయ్యాగదా, ఇంక ఆసుపత్రెందుకు?" అన్నాడాయన. "గాలి తగిలిందంతే. ఇదిగో చూడండి" అని కుడి చెయ్యి ముందుకు చాపి, వేళ్ళు ముడిచి, విప్పి చూపించాడు. ఆ చెయ్యి నాకిప్పటికీ కళ్ళ ముందుంది. బొటనవేలి పక్కన ఉలి ఒరుసుకుని కాయ కాసింది, చింతగింజంత.

డాక్టరు గారు పెన్ను పెట్టాడు. కుడి వైపు బాగానే కొట్టుకుంది. ఎడమ వైపు దవడ కింద ఈల పడింది. గదిలో ఉన్న అందరికీ తెలిసింది. ఆయన భార్యకు కూడా. "అదేంది, అట్టా ఏడుస్తందే?" అంది.

డాక్టరు గారు ఏదీ దాచే మనిషి కాదు. "మెదడుకు నెత్తురు పోయే గొట్టంలో పాచి పట్టింది. చానా ఇరుకైంది. ఒక పెచ్చు ఊడి పైకి పోతే ఈసారి చెయ్యి తిరిగి రాదు. మాట కూడా పోతుంది. మద్రాసులో మా గురువు గారున్నారు, దీనికి ఆపరేషన్ చేస్తారు. ఉత్తరం రాసిస్తాను. రేపు మధ్యాహ్నం చిలకలూరిపేట పోయి మద్రాసు బస్సు ఎక్కండి."

"నందికి ఒక కన్ను మిగిలుంది డాక్టరు గారూ. నాలుగు రోజుల పని. అయ్యాక పోతా."

"చెయ్యి ఉంటే ఎన్ని కళ్ళయినా చెక్కుకోవచ్చు."

ఆయన తన చెయ్యి వైపు చూసుకున్నాడు. సరేనని తల ఊపాడు.

ఆ పూటకు మంచం ఇచ్చారు. పొద్దున పది గంటలకు మళ్ళీ ఒకసారి విని, ఈల ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చర్మం మీద గుర్తు పెట్టి, బొమ్మ గీసి ఉత్తరంతో పంపుదామని డాక్టరు గారి ఆలోచన. పక్షం రోజుల గడ్డం. వెంట్రుకల మీద పెన్ను బరబరమంటుంది. కాబట్టి గడ్డం మెడ కిందిదాకా నున్నగా గీయమని నాకు చెప్పాడు. అంతవరకే నాకు చెప్పాడు. మిగతాది సిస్టరుకు చెప్పాడు, ఆమె కార్డు మీద రాసింది.

పొద్దున్నే కాన్పు కేసు వచ్చింది. సిస్టరు చేతులకు తొడుగులు వేసుకుంటూ నా పక్కనుంచి పోతూ అడిగింది, "దుర్గి ఆయన కార్డు చూశావుగా?"

"చూశా సిస్టర్."

అబద్ధం కాదు. చూశాను. ఎర్ర సిరా. రెండు ముక్కలు రాసి, కింద రెండు గీతలు కొట్టి ఉంది.

నేను వార్డులోకి పోయేసరికి ఆయన భార్య హోటలు నుంచి ఇడ్లీ తెచ్చి పొట్లం విప్పుతోంది. చేతిలోనుంచి లాక్కున్నంత పని చేశాను. "తినకూడదమ్మా, ఎర్ర కార్డుంది."

"బస్సెక్కే మనిషిని పస్తులుంచుతారా?" అందామె.

"పెద్దోళ్ళు రాసింది. మనకెందుకు?"

ఆయన నవ్వాడు. "పోనీలేయే. బొమ్మ చెక్కేటప్పుడు ఎన్ని పూటలు తినలా? ఆ ఇడ్లీ ఈ అన్నకి పెట్టు, నా మీద కాపలా ఉన్నందుకు."

వరండాలో స్టూలు వేసి కూర్చోబెట్టాను. పది కాకముందే కరెంటు పోయింది. పెట్టె కరెంటు మీద నడిచేది, సాయిబు జనరేటర్ తాడు లాగుతున్నాడు, అది దగ్గుతోందిగానీ అందుకోవట్లేదు. డాక్టరు గారు ఓపీలో ఉన్నాడు. తొందర లేదు. తీరిగ్గా నురగ పట్టించి, కత్తికి పదును పెట్టి గీశాను. రాతిపొడి గడ్డం, కత్తి రెండుసార్లు మొద్దుబారింది.

"నువ్వూ నాలాంటోడివే అన్నా" అన్నాడు కళ్ళు మూసుకుని. "నేను రాయి చెక్కుతా, నువ్వు మనుషుల్ని చెక్కుతావు. నాదాంట్లో ఒక సుఖముంది. రాయికి గాటు పడ్డా అరవదు."

"నా కత్తికీ ఎవరూ అరవలేదు ఇంతవరకు."

"మూతి మీద కత్తుంటే ఎట్టా అరుస్తారు?" అన్నాడు. ఆయన భార్య కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

పటిక రాశాను. తువ్వాలుతో తుడిచాను. పని అయిపోయింది. అక్కడితో ఆగాల్సింది. ఆయన అలవాటుగా మెడ ముందుకు వంచాడు. ఖాళీ కడుపున కూర్చోబెట్టానని నాకు లోపల కొంచెం తప్పు చేసినట్టు ఉంది. మామూలుగా చేసేదానికంటే ఎక్కువ చేశాను. నెత్తి చరిచాను. భుజాలు పిసికాను. రెండు బొటనవేళ్ళతో మెడ పక్కల కిందినుంచి పైకి, పైనుంచి కిందికి నొక్కాను. "హా... ప్రాణం లేచొచ్చింది" అన్నాడు. ఆ తర్వాత గడ్డం కింద చెయ్యి వేసి కుడికి తిప్పాను. టక్. ఎడమకు తిప్పాను. టక్.

ఆయన లేచి తువ్వాలు దులుపుకున్నాడు. నాలుగడుగులు వేసి గోడ పట్టుకున్నాడు. తువ్వాలు కుడి చేతిలోంచి జారింది. వంగి తీసుకోబోయాడు, చెయ్యి కిందికి వేలాడింది. నా వైపు తిరిగాడు. మూతి పక్కకు పోయింది. ఏదో అనబోయాడు. మాట రాలేదు.

"మళ్ళీ వచ్చింది, మళ్ళీ వచ్చింది" అని ఆయన భార్య అరిచింది. "ఒక బీడీ తాగినంతసేపే, పోద్దిలే, పోద్దిలే" అని ఆయన తల ఒళ్ళో పెట్టుకుంది. ఎంతసేపు చూసినా పోలేదు.

ఆయన్ని పెట్టె ఉన్న గదిలోకి మోసుకుపోయాం. అప్పుడు అందుకుంది జనరేటర్. డాక్టరు గారు పరిగెత్తుకొచ్చి పెన్ను పెట్టాడు. కుడి వైపు సూయ్, సూయ్. ఎడమ వైపు పెట్టాడు. ఏమీ లేదు. ఈల కూడా లేదు. పెన్ను అంగుళం పైకి జరిపాడు, కిందికి జరిపాడు. బటను తిప్పి చప్పుడు పెంచాడు. ఉత్త గరగర.

"పెట్టె పాడైంది. జనరేటర్ కరెంటు సరిగా రావట్లేదు" అన్నాడు. ఆయన గొంతులో ఆశ వినపడింది.

"కరెంటు బాగానే ఉంది సార్" అన్నాడు సాయిబు లోపలికొస్తూ.

డాక్టరు గారు వినిపించుకోలేదు. చుట్టూ చూసి, దగ్గర్లో నిలబడ్డ నా మెడకు, ఎడమ వైపు, పెన్ను ఆనించాడు. గది మొత్తం మోగింది. అంతకుముందు కొట్టుకున్నదానికి రెండింతలు వేగంగా, సూయ్ సూయ్ సూయ్ మని, అందరికీ వినపడేటట్టు. డాక్టరు గారు పెన్ను తీసి బల్ల మీద పెట్టేశాడు. పెట్టె బాగానే ఉంది.

"నిన్ననే పంపించాల్సింది" అన్నాడు. నాతో కాదు, ఎవరితోనూ కాదు. "బొమ్మ గీసి పంపుదామని ఒక్క పూట ఆపాను. నిన్ననే బస్సు ఎక్కించాల్సింది."

నేను పక్కనే ఉన్నాను. మెడ విరిచానని నోరు తెరిస్తే చాలు. తెరవలేదు.

ఆయన భార్య ఏడుస్తూ ఒక మాట అంది, "పొద్దున్నించి ఒట్టి కడుపు. ఇడ్లీ కూడా తిననియ్యలా." కాన్పు గదిలోంచి వచ్చిన సిస్టరు తలెత్తి నా వైపు చూసింది. చెయ్యి పట్టుకుని దుప్పట్లు పెట్టే గదిలోకి లాక్కుపోయింది. మంచం కార్డు ఊడదీసుకొచ్చి నా మొహం ముందు పెట్టింది.

"దీని మీద ఏం రాసుంది?"

"తిండి పెట్టొద్దని."

ఆమె కార్డు కిందికి దించింది.

"గడ్డం అయ్యాక మెడ పట్టావా?"

"పట్టా."

"విరిచావా?"

తల ఊపాను.

"ఎన్నేళ్ళ నుంచి ఇట్టా ఎర్ర సిరా చూసి నడుపుకొస్తన్నావు?" అని అడిగింది. చెప్పాను. "ఒక్క మాట... చదువు రాదని ఒక్క మాట చెబితే నేను నోటితో చెప్పేదాన్ని గదరా" అంది. అంతవరకు నన్ను ఎప్పుడూ రా అనలేదు. కార్డును రెండుగా మడిచి జేబులో పెట్టుకుంది. "ఈ మాట నువ్వు చెప్పమాక. నేనూ చెప్పను. చెబితే ఆ చెయ్యి రాదు, నీ ఉద్యోగం పోద్ది, నాదీ పోద్ది."

అట్లా ఇద్దరం దొంగలమయ్యాం.

ఆయన బతికాడు. మూడు వారాలు మా దగ్గరే ఉన్నాడు. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ పోయాయి. ఆ గొట్టం మూసుకుపోయాక మద్రాసు పోయినా చేసేదేమీ లేదని డాక్టరు గారే చెప్పాడు. ఆ పెట్టెను కూడా బీరువాలో పెట్టి తాళం వేశాడు. "విని ఏం చేస్తాం, చేయగలిగింది లేనప్పుడు" అనేవాడు. నాలుగైదేళ్ళు దాన్ని బయటికి తీయలేదు. ఆ ఏళ్ళలో పక్షవాతం వచ్చి గురజాల నుంచి, పిడుగురాళ్ళ నుంచి మంచాల మీద ఎంతమంది వచ్చారో నాకు తెలుసు. వాళ్ళలో ఎందరి మెడలో ముందే ఈల పడి ఉంటుందో ఎవరికీ తెలియదు, విన్నవాళ్ళు లేరు. నేనొక్క మాట చెప్పి ఉంటే, తప్పు పెట్టెది కాదు, పూట ఆలస్యానిదీ కాదు అని తెలిసి ఉంటే, డాక్టరు గారు దాన్ని మూసిపెట్టేవాడు కాదేమో. డాక్టరు గారు పోయినరోజు పాడె మోశాను. అప్పటికీ చెప్పలేదు.

మెడలో గొట్టం ఎలాగూ మూసుకుపోయేదే, ఆ మెడ పట్టిన చెయ్యి నెపం మాత్రమే అని ఈమధ్య ఒక కుర్ర డాక్టరు నాతో అన్నాడు. ఎవరి సంగతో చెప్పకుండా అడిగాను లెండి. అయి ఉండొచ్చు. కానీ ఆ టక్కు తర్వాత నాలుగు అడుగులకే తువ్వాలు జారిందని అతనికి చెప్పలేదు.

దుర్గి ఆయన డిశ్చార్జి అయిన మర్నాటి నుంచి సిస్టరు నాకు అక్షరాలు మొదలుపెట్టింది. అదే దుప్పట్ల గదిలో, మధ్యాహ్నం అన్నాలయ్యాక. ప్రేమతో కాదు. పలక మీద తప్పు రాస్తే వేళ్ళ మీద స్కేలుతో కొట్టేది, నలభై ఏళ్ళవాణ్ణి. వాచకం తేలేదు. ఆ కార్డే తెచ్చింది. "ఇది చదవడం వచ్చినరోజు నీకు చదువొచ్చినట్టు" అంది. మూడో నెలలో వచ్చింది. వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివాను. *మెడ నొక్కరాదు. తిప్పరాదు.* నా జీవితంలో నేను చదివిన మొదటి వాక్యం అది. చదివి తలెత్తేసరికి సిస్టరు కిటికీ వైపు తిరిగి నిలబడి ఉంది. ఆ కార్డు ఇప్పుడు నా పొదిలో ఉంది.

నెలకొకసారి దుర్గి పోయేవాణ్ణి, ఆయనకు గడ్డం చేయడానికి. ఆరేళ్ళు పోయాను, ఆయన పోయేదాకా. వాళ్ళింటి ముందు చెక్కుడు పందిరి కింద కూర్చోబెట్టేది ఆయన భార్య. నందిని ఆయన తమ్ముడు పూర్తిచేశాడట, గుడివాళ్ళు తీసుకుపోయారు. రెండు కళ్ళూ ఒకటిగా కుదరలేదని ఆమే చెప్పింది. ఆయన చెయ్యి ఒళ్ళో పడి ఉండేది. పని లేక, బొటనవేలి పక్కన ఆ కాయ మెల్లమెల్లగా కరిగిపోయింది. మూడో ఏటికి అక్కడ చర్మం పసిపిల్లల చర్మంలా అయింది.

"ఇంత దూరం బస్సు ఎక్కి వస్తన్నావు, నువ్వు ఏ జన్మలో చుట్టానివో తమ్ముడా" అనేదామె. మజ్జిగ ఇచ్చేది. తాగేవాణ్ణి.

గడ్డం గీయటం అయ్యేది. పటిక రాసి, తుడిచేవాణ్ణి. ప్రతిసారీ, ఒక్కసారి కూడా తప్పకుండా, ఆయన మెడ ముందుకు వంచేవాడు. వంచి అట్లాగే ఆగేవాడు. మాట లేదు కాబట్టి ఎందుకు వంచుతున్నాడో చెప్పలేడు. పట్టమని అడుగుతున్నాడో, ఇదిగో ఇక్కడే అని చూపిస్తున్నాడో నాకు ఆరేళ్ళలో తెలియలేదు. ఎంతసేపటికీ తల ఎత్తేవాడు కాదు.

"పట్టు తమ్ముడా" అనేదామె లోపలినుంచి. "నీ చెయ్యంటే ఆయనకి చానా ఇష్టం. ఆరోజు ప్రాణం లేచొచ్చిందన్నాడు గదా. ఆయన నోట ఆఖరున వచ్చిన మాట అదేగా."

నేను కత్తి తుడిచి, పొదిలో పెట్టుకుని, లేచేవాణ్ణి.